నలభై ఆరు గుర్రాలు, ఒక కళ్లెం

దక్షిణ ఢిల్లీలోని బేర్ సరాయ్ పేరు ఇంజనీరింగు చదివిన తెలుగువారిలో చాలామందికి సుపరిచితమే. ఒక వైపు ఐ.ఐ.టి., మరొక వైపు జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయపు పాత ప్రాంగణం, కూతవేటు దూరంలో కట్వారియా సరాయ్, జియా సరాయ్. పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలు, జిరాక్సు కేంద్రాలు, మంచం వేస్తే తలుపు తెరుచుకోని అద్దె గదులు. 'బేర్' అంటే రేగు, 'సరాయ్' అంటే బాటసారుల సత్రం. ఇన్నేళ్లలో అక్కడ రేగుచెట్టు ఒక్కటైనా నా కంటబడలేదు గాని, సత్రపు లక్షణం మాత్రం ఆ పేటను వదలలేదు. వచ్చినవారు రెండు మూడేళ్లు ఉంటారు. ఉద్యోగం సంపాదించుకునో, ఆశ వదులుకునో వెళ్లిపోతారు. 1992లో నేనూ ఆ బాటసారులలో ఒకణ్ణి. మూడు దశాబ్దాలు ప్లాంటులలో పనిచేసిన అనంతరం ప్రధాన కార్యాలయానికి బదిలీ అయి, అదే పేటలోని డి.డి.ఏ. ఫ్లాట్లలో ఒక ఇంట అద్దెకు దిగాను.

గత ఫిబ్రవరి మాసంలో ఒక ఆదివారం ఉదయం ఆ ఇంటి ముందు ఒక కొత్త మోటారు సైకిలు వచ్చి ఆగింది. కె.టి.ఎం. 390 డ్యూక్. షోరూము కుర్రవాడు దానిని నడిపి తెచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "సార్ వాళ్ల అబ్బాయికా?" అని హిందీలో అడిగాడు. "నాకే" అన్నాను. అతడు నా తలవైపు ఒకసారి చూసి, మర్యాదగా తన చూపును బండివైపు మరల్చుకున్నాడు.

అయిదు నిమిషాలలో పుస్తకాల దుకాణాల దగ్గరి యువకులు చుట్టూ మూగారు. వారిలో ఒకడు ఖమ్మం జిల్లావాడు. నా మాటలో యాస పట్టుకుని, "మైలేజీ ఎంత ఇస్తదండీ?" అన్నాడు. ఏ బండికైనా మన దేశంలో మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న అదే కదా!

రెండవ ప్రశ్న మా శ్రీమతి అడిగింది. బాల్కనీలోనుంచి చాలాసేపు చూసి, క్రిందికి దిగివచ్చి, "అబ్బాయికి వద్దన్నది మీరు తెచ్చుకున్నారా?" అన్నది.

మొదటి ప్రశ్నకు జవాబు సులభం: నా లెక్కలో లీటరుకు ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం.

కవచం లేని యోధుడు

ఈ తరగతి బండ్లను వాహనలోకంలో 'నేకెడ్' మోటారు సైకిళ్లని పిలుస్తారు. పేరు విని పాఠకులు కంగారుపడనక్కరలేదు. పందెపు బండ్లకు గాలిని చీల్చుకుని పోవడానికి ముందుభాగాన్నీ పక్కలనూ కప్పుతూ ఒక తొడుగు ఉంటుంది. ఆ తొడుగు లేకుండా ఇంజను, గొట్టాలు, చట్రం అన్నీ బయటికి కనబడేటట్లు వదిలివేసినదే నేకెడ్ బండి. తొడుగు లేనందున గాలి నేరుగా రొమ్మును తాకుతుంది. అతివేగం ఎక్కువసేపు సుఖంగా ఉండదు. అందుకు బదులుగా హ్యాండిలు ఎత్తుగా, వెడల్పుగా ఉండి, నగరంలో మలుపులు తిప్పుకోవడానికి అనుకూలిస్తుంది. పందెపు బండికి ఉండవలసిన ఇంజను, బ్రేకులు, స్ప్రింగులు ఉంచుకుని, కవచం మాత్రం విప్పి వీధిలోకి వచ్చిన యోధుడన్నమాట.

ఇటలీలో డుకాటీ సంస్థ 1993లో విడుదల చేసిన 'మాన్‌స్టర్' ఈ రూపానికి ప్రపంచవ్యాప్తంగా ఆదరణ తెచ్చింది. ఆ మరుసటి ఏడే, 1994లో, ఆస్ట్రియా దేశంలోని మాటిగ్‌హోఫెన్ అనే చిన్న పట్టణానికి చెందిన కె.టి.ఎం. సంస్థ తన తొలి 'డ్యూక్'ను తయారు చేసింది. మన బజాజ్ ఆటో 2007లో ఆ సంస్థలో వాటా కొనడం ప్రారంభించింది. ఫలితంగా 2012లో 200 డ్యూక్, 2013లో 390 డ్యూక్ పుణె సమీపంలోని చాకన్ కర్మాగారంనుంచి వెలువడి, మన దేశంలోనే గాక విదేశాలలోనూ అమ్ముడయ్యాయి. నేను కొన్నది 2023 సెప్టెంబరులో విడుదలైన మూడవ తరం బండి. విడుదలనాటి షోరూము ధర సుమారు 3 లక్షల 11 వేల రూపాయలు.

ఇంజనీరింగు మిత్రుల కోసం కొన్ని అంకెలు. పాత 390లో సిలిండరు వ్యాసం 89 మిల్లీమీటర్లు, పిస్టను ప్రయాణం 60 మిల్లీమీటర్లు. ఘనపరిమాణం 373 సి.సి. కొత్తదానిలో వ్యాసం అదే ఉంచి, పిస్టను ప్రయాణాన్ని 64కు పెంచారు. ఆ నాలుగు మిల్లీమీటర్ల పుణ్యమా అని ఘనపరిమాణం సుమారు 399 సి.సి. అయింది. ఉన్నది ఒక్కటే సిలిండరు, ద్రవంతో చల్లబడుతుంది. నిమిషానికి 8,500 భ్రమణాల వద్ద 46 అశ్వశక్తులు, 6,500 వద్ద 39 న్యూటన్ మీటర్ల టార్కు. పెట్రోలుతో సహా బరువు సుమారు 168 కిలోలు. ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. ముందు చక్రానికి 320 మిల్లీమీటర్ల బ్రేకు డిస్కు, వెనుక చక్రానికి 240 మిల్లీమీటర్లది.

46 అశ్వశక్తులంటే ఎంత? ఒక పోలిక చెబుతాను. 1983 డిసెంబరులో గురుగ్రామ్‌లో తొలి మారుతి 800 బయటికి వచ్చినప్పుడు దాని ఇంజను శక్తి 40 గుర్రాలకు మించలేదు. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, డిక్కీలో ఆవకాయ జాడీతో సహా తిరుపతి కొండ ఎక్కించిన కారు అది. అంతకంటె ఎక్కువ శక్తి ఇప్పుడు నా రెండు మోకాళ్ల మధ్య ఉన్నది.

తొలి వారం

ముప్పై అయిదేళ్లుగా నేను మోటారు సైకిలు నడపలేదు. టౌన్‌షిప్‌లో స్కూటరు, ఆ తరువాత కారు, అంతే. అందుచేత మొదటి వారం రద్దీ రోడ్డు ఎక్కలేదు. తెల్లవారుజామున లేచి, దగ్గరలోని కుతుబ్ ఇన్‌స్టిట్యూషనల్ ఏరియాలో ఖాళీగా ఉండే రోడ్లమీద అభ్యాసం చేశాను.

ఎక్కి కూర్చోగానే ఆశ్చర్యపరచినది బండి సన్నదనం. ట్యాంకు చూడడానికి వెడల్పుగా ఉన్నా, తొడల మధ్య నడుము సన్నం. సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. అయిదడుగుల ఏడంగుళాల నాకు రెండు పాదాలూ దాదాపు పూర్తిగా నేలకు ఆనుతాయి. క్లచ్ లివరు రెండు వేళ్లతో నొక్కగలిగేంత మెత్తగా ఉన్నది. మీట నొక్కితే ఇంజను ప్రాణం పోసుకున్నది. కిక్కు కొట్టి కొట్టి మడమ వాచిన తరంవాడిని కనుక, ఆ సుఖం ఇప్పటికీ నాకు వింతగానే తోస్తుంది.

రెండవ ఆశ్చర్యం యాక్సిలరేటరు. దానికి తీగ లేదు. పిడిని ఎంత తిప్పామో ఒక సెన్సారు గ్రహించి కంప్యూటరుకు చెబుతుంది. గాలి ద్వారాన్ని ఎంత తెరవాలో కంప్యూటరు నిర్ణయిస్తుంది. మన కంట్రోలు రూములో కూర్చుని మీట నొక్కితే అర కిలోమీటరు దూరాన వాల్వు తెరుచుకోవడం వంటిదే ఇది. అక్కడ ఆపరేటరు కోరినదంతా యంత్రం చేయదు, సురక్షితమైనంత మేరకే చేస్తుంది. ఇక్కడా అంతే. 'రెయిన్', 'స్ట్రీట్', 'ట్రాక్' అని మూడు పద్ధతులున్నాయి. వర్షపు పద్ధతిలో అదే ఇంజను సాధువైన ఆవులాగ నడుస్తుంది. నేను మొదటి అయిదువందల కిలోమీటర్లూ, ఎండ కాస్తున్నా సరే, వర్షపు పద్ధతిలోనే నడిపాను.

మూడవది ఇంజను స్వభావం. ఒకే పెద్ద సిలిండరు గల ఇంజన్లకు తక్కువ వేగంలో పై గేరు నచ్చదు. ముప్పై కిలోమీటర్ల వేగంలో నాలుగవ గేరు వేస్తే గొలుసు దగ్గర కుదుపు మొదలవుతుంది. ఒక గేరు తగ్గించమని బండి అడుగుతున్నట్లుంటుంది. భ్రమణాలు 4,000 దాటాక శ్వాస కుదురుకుంటుంది. 6,000 దాటాక మాత్రం అది వేరే జంతువు. ఒకసారి, ఒక్కసారే, స్ట్రీట్ పద్ధతిలో పిడిని సగం దాకా తిప్పాను. రోడ్డు నావైపు పరుగెత్తి వచ్చింది. భుజాలు వెనక్కు లాగినట్లయ్యాయి. పెదవులమీద ఒక నవ్వు వచ్చింది. అది ఇరవై ఏళ్ల కుర్రవాడి నవ్వు. దాని వెంటనే కడుపులో చల్లని భయం ఒకటి పుట్టింది. ఆ భయం మాత్రం నాకు పాతది.

గేరు మార్చడానికి క్లచ్ నొక్కనవసరం లేని ఏర్పాటు కూడా ఉన్నది. పరుగులో ఉండగా కాలితో మీటను తాకితే చాలు, క్షణంలో కొంతభాగం సేపు కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గించి గేరు పడనిస్తుంది. నా ఎడమచేతికి మాత్రం పాత అలవాటు పోలేదు. ప్రతిసారీ క్లచ్ మీదికి తనంతట తానే పోతూనే ఉన్నది.

వెనుక సీటు చిన్నది. చీర కట్టుకున్నవారు కూర్చోవడానికి వీలుగా తీర్చిదిద్దినది కాదు. చేతిపట్టు, కాలిమెట్లు, వెనుక చక్రాన్ని కప్పే చీర రక్షణ అమర్చాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి అవి ఉన్నాయి. మా శ్రీమతి దానిని పరిశీలించి, "ఇది పిచ్చుకకు వేసిన పీట" అని తీర్పు చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

రెండు కర్మాగారాల దారి

మొదటి సర్వీసు అయ్యాక, ఒక ఆదివారం తెల్లవారుజామున ఫరీదాబాద్ దాకా వెళ్లి రావాలని బయలుదేరాను. బేర్ సరాయ్‌నుంచి మెహ్రౌలీ, ఘిటోర్నీ మీదుగా గురుగ్రామ్; అక్కడ ఎడమకు తిరిగితే ఆరావళి కొండలలోనుంచి ఫరీదాబాద్‌కు పోయే రోడ్డు. ఎడమా కుడీ తుమ్మచెట్లు, ఎర్రరాళ్లు, అక్కడక్కడ నెమళ్లు.

ఈ దారిని ఎంచుకోవడానికి ఒక కారణం ఉన్నది. 1983వ సంవత్సరం భారతీయ వాహన చరిత్రలో విచిత్రమైనది. అదే ఏడు గురుగ్రామ్‌లో మారుతి 800 పుట్టింది. అదే ఏడు ఫరీదాబాద్‌లో ఎస్కార్ట్స్ సంస్థ జపాను యమహా నమూనాతో 'రాజ్‌దూత్ 350'ని విడుదల చేసింది. 347 సి.సి., రెండు సిలిండర్లు, టూస్ట్రోకు, ఆరు గేర్లు, 30.5 అశ్వశక్తులు. బుల్లెట్ 350 అశ్వశక్తులు 18 మాత్రమే అయిన ఆ రోజులలో ఇది ఉరుములేని పిడుగు. తొడుగు లేదు, కవచం లేదు. ఆ మాట మనకు తెలియకపోయినా, మన దేశపు తొలి శక్తిమంతమైన నేకెడ్ బండి అదేనని నా అభిప్రాయం. పెట్రోలును లెక్క చూసి వాడుకునే మధ్యతరగతి దానిని భరించలేకపోయింది. దశాబ్దం ముగిసేనాటికి దాని తయారీ ఆగిపోయింది.

కాకినాడ ఇంజనీరింగు కళాశాలలో చదివే రోజులలో మా హాస్టలు ముందు అటువంటి బండి ఆగితే, అన్నం వదిలి లేచి వెళ్లి చూసేవాళ్లం. దాని మీద ఎక్కే యోగం నాకు పట్టలేదు. నాకు దొరికింది సీనియరు ఒకరి నూరు సి.సి. బండి. ఫరీదాబాద్ రోడ్డు మీద ఉదయపు చలిగాలి రొమ్మును తాకుతుంటే, నాకు జ్ఞాపకం వచ్చింది ఆ చిన్న బండే.

సామర్లకోట రోడ్డు

1989, సంక్రాంతి వెళ్లిన వారం. నా గదిమిత్రుడు, నేను ఆ బండిని అరువు తీసుకుని సామర్లకోట భీమేశ్వరాలయానికి వెళ్లాం. తిరుగు ప్రయాణంలో సాయంకాలం. నేను నడుపుతున్నాను, వాడు వెనుక కూర్చుని ఏదో పాట పాడుతున్నాడు. ఇద్దరికీ హెల్మెట్ లేదు. ఆ రోజులలో హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి చూసి నవ్వేవారు. మలుపు దగ్గర ఏ ఎడ్లబండి మీదనుంచో జారిన ఇసుక రోడ్డు మీద పరుచుకుని ఉన్నది. చూసేసరికి ఆలస్యమైంది. భయంతో ముందు బ్రేకును బలమంతా పెట్టి నొక్కాను.

ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నవాడిని. దొర్లే చక్రానికి నేలమీద ఉన్న పట్టు, బిగుసుకుపోయి జారే చక్రానికి ఉండదని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని. అయినా నా వేళ్లకు ఆ సంగతి తెలియదు. ముందు చక్రం బిగుసుకున్నది. బండి క్షణంలో పక్కకు పడింది. నాకు మోచేతులు గీసుకుపోయాయి. వాడి కుడి తొడ ఎముక విరిగింది.

నాలుగు నెలలు మంచం. ఆ ఏటి పరీక్షలు పోయాయి. మాతో కలిసి చేరినవాడు మా తరువాత ఏడాదికి పట్టా తీసుకున్నాడు. ఆ కాలు నేటికీ పూర్తిగా మడవదు. రాజమండ్రిలో పాలిటెక్నిక్ అధ్యాపకుడిగా పనిచేసి, ఇన్నేళ్లూ ఆ కాలుతోనే నిలబడి పాఠాలు చెప్పాడు. నన్ను ఒక్కమాట అనలేదు. అనకపోవడమే నాకు బరువైంది. అటు తరువాత నేను మోటారు సైకిలు ముట్టలేదు. ఎందుకని ఎవరికీ చెప్పనూ లేదు.

2014లో మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి. ఇంజనీరింగులో చేరిన ఏడు. అప్పటికి ఏడాది క్రితమే మార్కెట్లోకి వచ్చిన 390 డ్యూక్ బొమ్మను వాడు గోడకు అంటించుకున్నాడు. ఒకనాడు భోజనాల దగ్గర మెల్లగా అడిగాడు. "వద్దు" అన్నాను. "ఎందుకు నాన్నా?" అన్నాడు. "వద్దంటే వద్దు" అన్నాను. మార్చి మాసంలో జాతీయ భద్రతా దినోత్సవం నాడు వేదిక ఎక్కి, కారణం చెప్పకుండా విధించే నియమాన్ని ఎవరూ పాటించరని కార్మికులకు ఉపన్యసించేవాడిని నేనే. మా అబ్బాయి మాత్రం పాటించాడు. బొమ్మను గోడమీదినుంచి తీసివేశాడు. మళ్లీ ఎన్నడూ అడగలేదు.

మనుబోతు చెప్పిన పాఠం

మళ్లీ ఆరావళి రోడ్డుకు వద్దాం. సూర్యోదయమై అరగంట అయి ఉంటుంది. గంటకు డెబ్బై కిలోమీటర్ల వేగం. కుడివైపు పొదలలోనుంచి మసిరంగు శరీరం ఒకటి లేచి, తొందరేమీ లేనట్లు రోడ్డు మధ్యకు నడిచి వచ్చింది. మనుబోతు. గుర్రమంత జంతువు. నిలబడి నావైపు చూసింది.

నా కుడిచేతి వేళ్లు, 1989లో చేసిన పనే మళ్లీ చేశాయి. బలమంతా పెట్టి నొక్కాయి.

చక్రం బిగుసుకోలేదు. లివరు వేళ్లక్రింద టకటకమని కొట్టుకున్నది. బండి ముక్కు క్రిందికి వంగింది, గీత గీసినట్లు తిన్నగా పోయి, జంతువుకు ఇంకా ఎనిమిది పది గజాల దూరం ఉండగా ఆగింది. మనుబోతు తోక ఆడించి, ఎడమవైపు పొదలలోకి వెళ్లిపోయింది. నేను బండిని పక్కకు తీసి, స్టాండు వేసి, ఒక రాతిమీద కూర్చున్నాను. చేతులు వణుకుతున్నాయి.

ఆ టకటకలే ఏ.బి.ఎస్. చక్రం బిగుసుకోబోతున్నదని గ్రహించిన మరుక్షణం బ్రేకును సడలించి, మళ్లీ పట్టి, మళ్లీ సడలించే సాధనం. మనిషి చేతికి సాధ్యంకాని వేగంతో ఆ పని చేస్తుంది. ఈ బండిలో ఉన్నది మలుపులో బండి ఎంత వంగి ఉన్నదో కూడా గమనించే రకం. 125 సి.సి. దాటిన కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ 1నుంచి, అప్పటికే తయారవుతున్న నమూనాలకు 2019 ఏప్రిల్ 1నుంచి మన ప్రభుత్వం దీనిని తప్పనిసరి చేసింది. ఇంత మంచి నియమం 1989లో లేకపోయిందే అని ఆ రాతిమీద కూర్చుని అనుకున్నాను.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, పాత అలవాటు చొప్పున కాగితం తీసుకుని లెక్క వేశాను. బండి, నేను కలిసి 243 కిలోలు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో మంచి పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే, సెకనుకు సెకనుకు 7 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకుందాం. బ్రేకు పట్టిన తొలిక్షణంలో ఆ బ్రేకులు మింగే శక్తి ఎంత? 243ను 7తో, ఆ వచ్చినదానిని 27.8తో గుణిస్తే సుమారు 47 కిలోవాట్లు. అంటే 64 అశ్వశక్తులు!

పాఠకులు గమనించాలి. ఇంజనులో ఉన్నవి 46 గుర్రాలు. వాటిని నిలబెట్టే కళ్లెంలో ఉన్నవి 64. దుకాణంలో ఇంజను అంకె చెబుతారు, ప్రకటనలలో అదే అచ్చువేస్తారు, కుర్రవాళ్లు అదే అడుగుతారు. కళ్లెం అంకె అడిగినవాడు ఇంతవరకు నాకు కనబడలేదు. బండిలో అన్నిటికంటె బలమైన భాగం బ్రేకే. అయితే దానిని నొక్కవలసినది మనిషి. ఆ మనిషికి కొంత సమయం కావాలి.

ఆ సమయం లెక్క కూడా చెబుతాను. ప్రమాదాన్ని చూసి చేయి కదలడానికి ఒక సెకను పడుతుందనుకుంటే, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఆగడానికి మొత్తం 37 మీటర్లు కావాలి. 80లో 58 మీటర్లు. 100లో 83 మీటర్లు. వేగం రెట్టింపు కాకముందే దూరం రెట్టింపు దాటిపోయింది. నా వయస్సువారికి ఆ ఒక్క సెకను ఒకటిన్నర కావచ్చు. అప్పుడు 100 వేగంలో కావలసినది 97 మీటర్లు. ఆ అదనపు 14 మీటర్లను ఏ కంప్యూటరూ తగ్గించలేదు.

కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2022లో మన దేశపు రోడ్లమీద 1,68,491 మంది మరణించారు. వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. ఆ అంకెను చాలాసార్లు సభలలో చదివాను. ఆ రాతిమీద కూర్చున్న ఉదయం తరువాత, ప్రతి ఒకటి వెనుకా ఒక వెనుక సీటు, ఒక గదిమిత్రుడు, ఒక బాల్కనీ కనబడుతున్నాయి.

అబ్బాయితో మాట

మరునాటి సాయంకాలం మా అబ్బాయికి ఫోను చేశాను. వాడిప్పుడు బెంగుళూరులో ఉద్యోగి. బండి సంగతి తల్లి అప్పటికే చెప్పింది. వాడు నవ్వుతూ, "శుభాకాంక్షలు నాన్నా" అన్నాడు. ఆ నవ్వులో ఎక్కడో ఒక ముల్లు ఉన్నది. ఉండవలసినదే.

అప్పుడు సామర్లకోట రోడ్డు సంగతి చెప్పాను. మొదటిసారిగా, మొదటినుంచి చివరిదాకా. వాడు మధ్యలో మాట్లాడలేదు. అంతా విన్న తరువాత, "ఇది ఆనాడే చెప్పి ఉంటే నేనే వద్దనుకునేవాణ్ణేమో నాన్నా" అన్నాడు. కొంతసేపు ఆగి, "అనుకునేవాణ్ణి కాదేమో కూడా. కాని మీరు నన్ను నమ్మలేదని మాత్రం అనుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

నేను నమ్మనిది వాణ్ణి కాదు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల నన్ను. ఆ మాట చెప్పడానికి నాకు పదేళ్లకు పైగా పట్టింది.

పిల్లలు ఇటువంటి బండి అడుగుతున్న ఇళ్లు మన కాలనీలలో చాలా ఉన్నాయి. కొనిపెట్టండని గాని, వద్దనండని గాని నేను చెప్పబోవడం లేదు. కారణం చెప్పండి. మీకు తగిలిన దెబ్బ ఏదైనా ఉంటే దానిని దాచకుండా చెప్పండి. కొనిపెట్టదలిస్తే, బండి ధరలోనే ఐ.ఎస్. 4151 ముద్ర ఉన్న రెండు హెల్మెట్లు, చేతి తొడుగులు, గట్టి బూట్లు చేర్చి లెక్కవేయండి. ఢిల్లీలో వెనుక కూర్చున్న స్త్రీలకు కూడా 2014నుంచి హెల్మెట్ తప్పనిసరి చేశారు. సిక్కు స్త్రీలకు మాత్రం మినహాయింపు. తలకాయ అన్ని ఊళ్లలోనూ ఒకటే కాబట్టి, ఏ ఊరివారైనా పెట్టుకోవడమే ఉచితం. మొదటి వారం రోజులు ఖాళీ మైదానంలో బండిని నడపడం కాదు, ఆపడం నేర్పండి. ఇరవై వేగంలో, నలభై వేగంలో, పొడి నేలమీద, తడి నేలమీద. వేళ్లకు తెలియవలసిన పాఠాన్ని పుస్తకం నేర్పలేదని నాకంటె బాగా ఎవరికి తెలుసు?

ఇక ఈ బండి మీద నా తుది అభిప్రాయం అడిగితే, అది నాకు ఎంతో నచ్చింది. రద్దీలో ఆగి ఆగి పోవలసి వచ్చినప్పుడు ఇటువంటి పెద్ద ఇంజన్లకు సహజమైన వేడి మోకాళ్లకు తగులుతుంది. సీటు గట్టిగా ఉంటుంది. గంట దాటితే దిగి నడవాలనిపిస్తుంది. ఈ నగరంలో దాని శక్తిలో సగం కూడా వాడే అవకాశం రాదు. అయినా ఉదయం ఆరు గంటలకు బేర్ సరాయ్ సందులోనుంచి మెల్లగా బయటికి వస్తున్నప్పుడు, రాత్రంతా చదివి టీ కొట్టు దగ్గర నిలబడిన కుర్రవాళ్లు చేయి ఊపుతారు. నేను తల ఊపుతాను. రెండు వేళ్లు బ్రేకు మీదనే ఉంటాయి.

చివరగా ఇంకొక ఫోను మిగిలింది. రాజమండ్రికి. ఎన్నిసార్లో నంబరు నొక్కి, మోగకముందే పెట్టివేశాను. చివరకు ఒక ఆదివారం ధైర్యం చేశాను. బండి కొన్నానని, మనుబోతు సంగతి, బ్రేకుల లెక్క, అన్నీ చెప్పాను. ముప్పై అయిదేళ్లుగా అడగలేని క్షమాపణను కూడా ఆ లెక్కల మధ్య ఎక్కడో పెట్టి చెప్పాను. వాడు అధ్యాపకుడు కదా, ఓపికగా విన్నాడు.

"ఒరేయ్, అదంతా సరే గాని, వెనుక సీటు ఎలా ఉందిరా?" అన్నాడు.

టేపు తెచ్చి, సీటునుంచి కాలిమెట్టుకు ఉన్న దూరం కొలిచి చెప్పాను. ఆ కాలు అంత మడవదని ఇద్దరికీ తెలుసు. వాడు కొంచెం ఆలోచించి, "ఒక ఫర్లాంగు కూర్చోగలనులే" అన్నాడు.

దసరా సెలవులకు వస్తున్నాడు. వాడి తలకు సరిపడే హెల్మెట్ కొని ఉంచాను.